ఛార్జ్ అనే ఇంగ్లీషు మాటకి ఇన్ని అర్థాలేంటి? సమానార్థకాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

బ్యాంకు పరీక్షలకి చదువుతున్నామని, గైడులో ఛార్జ్ అనే ఒక్క మాట కింద బారెడు లిస్టు ఇచ్చారని, ఎంత బట్టీ పట్టినా పరీక్ష హాల్లో తప్పే పెడుతున్నామని రాశారు. పనిలో పనిగా ఇన్‌ఛార్జి అనడం సరైన ఇంగ్లీషేనా అని కూడా అడిగారు. ముందు ఆ లిస్టు పక్కన పడేయండి. ఫీ, ఎటాక్, అక్యూజ్, డ్యూటీ అని వరసగా రాసేస్తే అవన్నీ ఒకదానికొకటి సమానార్థకాలేమో అనిపిస్తుంది. అసలు వాటికీ వాటికీ సంబంధమే లేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఇంగ్లీషు క్లాసులు చెబుతాను కాబట్టి ఈ గొడవ నాకు మామూలే. పోలీసులు అతని మీద దొంగతనం కేసులో ఛార్జ్ పెట్టారనే వాక్యం ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, ఛార్జ్ తీసేసి అదే అర్థం వచ్చే ఇంకో మాట పెట్టమన్నాను. ఒకబ్బాయి లేచి ఎటాక్ అన్నాడు, వెనక బెంచీలో అమ్మాయి "ఫీ కదా సార్" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. కానీ పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, గైడులో ఆ రెండూ ఉన్నాయి మరి.

ఈ మాట బండి దగ్గర పుట్టింది. లాటిన్‌లో కర్రుస్ అంటే బండి, దాని మీద సరుకు ఎక్కించడం కర్రికారే, అది ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో చేరింది. కారు, క్యారీ, కార్గో అన్నీ దీని చుట్టాలే. ఆఖరికి మనిషి ముక్కూ చెవులూ సాగదీసి గీసే క్యారికేచర్ కూడా ఇదే వంశం, బొమ్మ మీద మోతాదుకి మించి బరువెక్కించడం అన్నమాట. మన మిర్చి యార్డులో హమాలీ వీపు మీదకి టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎత్తి పెడతారు చూడండి, ఛార్జ్ అంటే మొదట్లో అచ్చంగా అదే. కాబట్టి ఛార్జ్ కనపడగానే బరువు ఎవరి మీద పెట్టారు, ఏం బరువు పెట్టారు అని అడిగి చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తుపాకీలోనో ఫిరంగిలోనో మందు దట్టిస్తే అది ఛార్జ్. 1740ల్లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త వాళ్లు గాజు జాడీల్లో కరెంటు నిలవబెట్టే ప్రయోగాలు చేస్తూ, జాడీని నింపడానికి కూడా అదే మాట వాడారు. ఆ జాడీల్లాగే పనిచేసే గాజు పలకలు కొన్ని వరసగా కలిపి పెట్టి దానికి ఫ్రాంక్లిన్ బ్యాటరీ అని పేరు పెట్టాడు, ఎందుకంటే వరసగా నిలబెట్టిన ఫిరంగులని అప్పటికే బ్యాటరీ అనేవాళ్లు. అంటే ఫోన్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టానని మనం రోజూ అనే ముక్కలో రెండు మాటలూ ఒకప్పుడు యుద్ధంలో తిరిగినవే! ఈ అర్థంలో ఫిల్, లోడ్ లాంటివి దగ్గరగా వస్తాయి గానీ నిజానికి కరెంటు విషయంలో ఛార్జ్‌కి పక్కా ప్రత్యామ్నాయం లేదు, పరీక్షల్లో అడగరు కూడా.

ఈటె గురిపెట్టి గుర్రం మీద దూసుకెళ్లడం నుంచి దాడి అర్థం వచ్చింది. 1854 అక్టోబరు 25న క్రిమియా యుద్ధంలో బలక్లావా దగ్గర బ్రిటిష్ అశ్వికదళం రష్యన్ ఫిరంగులకి ఎదురెళ్లింది కదా, దాన్నీ ఛార్జ్ అనే అంటారు. మన లాఠీఛార్జి దీని సొంత తమ్ముడు. ఎద్దు కొమ్ములు వంచి మీదకి ఉరికినా ఇదే మాట. ఇక్కడ ఎటాక్, రష్, స్టార్మ్ సరిపోతాయి.

నేరం సంగతికి వస్తే తెలుగే మనకి బాగా సాయపడుతుంది. మనం నేరం ఏం చేస్తాం? మోపుతాం. గడ్డిమోపు, కట్టెలమోపు అన్నప్పటి మోపే. పన్నూ మోపుతాం, భారమూ మోపుతాం, పేపర్లో కరెంటు ఛార్జీల మోత అని హెడ్డింగూ పెడతాం. ఎక్కడో లాటిన్ బండి ఎక్కి వచ్చిన ఊహ మనకి పొలం గట్టు మీదే ఉంది, అందుకే ఇది తెలుగువాళ్లకి కష్టం కాకూడదని నా గట్టి నమ్మకం. ఇక్కడ అక్యూజ్ వస్తుంది గానీ ఒక మెలిక ఉంది, పరీక్షవాళ్లకి ప్రాణం అదే: ఛార్జ్ తర్వాత విత్ రావాలి, అక్యూజ్ తర్వాత ఆఫ్ రావాలి. మాట మార్చి విభక్తి మార్చకపోతే మార్కు పోయినట్టే. అలాగే ఎవడో ఎవడినో అన్నదల్లా అక్యూజ్ అవుతుంది, ఛార్జ్ అంటే మాత్రం మామూలుగా అధికారికంగా పెట్టిన అభియోగం. మన దగ్గర పోలీసులు వేసేది ఛార్జిషీటు, కోర్టు ఖరారు చేసేది ఛార్జెస్, రెండూ వేరు.

డబ్బు అర్థం అందరికీ తెలిసిందే, కాకపోతే అందులోనూ కొట్లాటే. విజయవాడ బస్సుకి ఇచ్చేది ఫేర్, దారిలో కాజ దగ్గర కారుకి కట్టేది టోల్, లాయరుకి ఇచ్చేది ఫీ, తెలుగులో అన్నిటినీ ఛార్జీలనేస్తే సరిపోతుంది గానీ ఇంగ్లీషులో బస్సుకి ఫీ కట్టానంటే నవ్వుతారు.

స్థలం కొనేటప్పుడు ఈసీ, అంటే ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తాం, దాంట్లో బ్యాంకు ఛార్జ్ ఉందా లేదా చూస్తాం. ఆ ఛార్జ్‌కి ఫీజుతో పని లేదు, ఆ ఆస్తి మీద ఉన్న అప్పు బరువు అది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 100వ సెక్షన్ దీని గురించే, తాకట్టుకి 58వ సెక్షన్ వేరే ఉంది. బ్యాంకు ఉద్యోగం అంటున్నారు కాబట్టి రేపు మీకు ఎక్కువ తగిలేది ఇదే. సమానార్థకం లీన్, అంటే బాకీ తీరేదాకా అవతలివాళ్ల సొత్తు అట్టిపెట్టుకునే హక్కు, అని కొన్ని గైడుల్లో ఇస్తారు, మామూలు ఇంగ్లీషులో పర్లేదు గానీ బ్యాంకులో కూర్చున్నాక రెండూ ఒకటే అనకండి.

ఎక్కించిన బరువు దించడం డిశ్చార్జి. ఆసుపత్రి నుంచి పేషెంటు డిశ్చార్జి, బ్యాటరీ డిశ్చార్జి, బ్యారేజీ నుంచి నీళ్ల డిశ్చార్జి. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు, అప్పుడు విజయవాడలో టీవీ ముందు కూర్చున్న ప్రతివాడి నోటా ఇన్‌ఫ్లో, డిశ్చార్జి తప్ప ఇంకో మాట లేదు. కోర్టులో డిశ్చార్జి అంటే విచారణ దాకా వెళ్లకుండానే బరువు దించేయడం, విచారణ జరిగి నిర్దోషి అని తేలితే అది అక్విటల్. ఈ తేడా మీద ప్రశ్న ఇస్తారు, చూసుకోండి.

ఇక మీ ఇన్‌ఛార్జి. బాధ్యత కూడా బరువే కాబట్టి ఆఫీసుల్లో ఛార్జి తీసుకున్నాడు, అదనపు ఛార్జి ఇచ్చారు అనేవన్నీ మంచి మాటలే. మనిషినే ఇన్‌ఛార్జి అనడం, స్టేషన్ ఇన్‌ఛార్జి, స్టోర్ ఇన్‌ఛార్జి లాంటివి, మన దేశపు ఇంగ్లీషులో శుభ్రంగా నడుస్తాయి. బ్రిటిష్ పద్ధతిలో అయితే పర్సన్ ఇన్ ఛార్జ్ అని విడగొట్టి చెప్పాలి. పరీక్షలో తికమక పెట్టేది మధ్యలో వచ్చే ద. నర్సు ఇన్ ఛార్జ్ ఆఫ్ పేషెంట్ అంటే నర్సు చూసుకుంటోందని, పేషెంటు ఇన్ ద ఛార్జ్ ఆఫ్ నర్స్ అంటే పేషెంటు ఆమె సంరక్షణలో ఉన్నాడని. ఆ ద ఎగిరిపోతే పేషెంటే నర్సు మీద పెత్తనం చేస్తున్నట్టు అవుతుంది.