మన గుట్టలకు ఏ సైకిల్? మేనకోడలికి ఉత్తరం

చిట్టితల్లీ,

నువ్వు పంపిన పదకొండు సైకిళ్ళ ఫొటోలూ చూశాను. ఈలోగా మీ అమ్మ ఫోన్ చేసి, "పిల్ల బైకు కొంటానంటోందిరా, హైదరాబాద్ ట్రాఫిక్‌లో బైకేమిటి" అని అరగంట టెన్షన్ పడింది. మోటార్ సైకిల్ కాదక్కా, తొక్కేదేనని చెప్పాను. ధర మాత్రం చెప్పలేదు, ఆ తంటా నువ్వే పడు.

ఒకటే సైకిల్, అన్ని దారులకూ పనికి రావాలి అన్నావు. అయితే ఫొటోలు పక్కన పెట్టి క్యాలెండర్ తీయి. నెలకు పన్నెండు రోజులు తొక్కుతావనుకుందాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద నాలుగు రోజులు, గండిపేట చుట్టూ మట్టిదారుల్లో ఐదు రోజులు, ఖాజాగూడ గుట్టల రాతి పలకల మీద రెండు రోజులు. వికారాబాద్ అనంతగిరి అడవికి నెలకు ఒక్కసారి వెళ్తే గొప్ప. మనాలి సంగతి వదిలెయ్, అక్కడ సైకిళ్ళు అద్దెకే దొరుకుతాయి. నీ మనసేమో ఆ అనంతగిరి దిగుడు దగ్గరే ఉంది, అందుకే పదకొండు ఫొటోల్లో ఏడు డబుల్ సస్పెన్షన్‌వి, అంటే ముందూ వెనకా షాక్‌లున్నవి.

నీ దగ్గరున్న 80 వేలలో మంచి డబుల్ సస్పెన్షన్ కొత్తది రాదు. వచ్చేవాటిలో చాలావాటికి వెనక ఒక స్ప్రింగు ఉంటుంది కానీ, దాని ఊపుకు పగ్గం వేసే డ్యాంపర్ ఉండదు. పెడల్ తొక్కిన ప్రతిసారీ కొయ్యగుర్రంలా ఊగి నీ బలమంతా అదే తినేస్తుంది. పైగా వెనక కీళ్ళలో బేరింగులుంటాయి. మన మొరం దుమ్ముకు అవి త్వరగా కిర్రుమంటాయి. కాబట్టి ముందు మాత్రమే షాక్ ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకో. ఆ ముందు షాక్ మాత్రం మంచిదై ఉండాలి.

ఇక్కడ చాలామంది మోసపోతారు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆ షాక్ కడ్డీల జతనే ఫోర్కు అంటారు. తక్కువ ధర సైకిళ్ళకు వచ్చేది స్టీలు స్ప్రింగు ఫోర్కు. దాని గట్టిదనాన్ని కంపెనీవాళ్ళు డెబ్బై, ఎనభై కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకునే తయారు చేస్తారు. నువ్వు 54 కిలోలు. నీకు అది సగం కూడా దిగదు, బరువు మోయడమే మిగులుతుంది. నీకు కావలసింది గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు, 120 మిల్లీమీటర్ల దాకా దిగేది. నీ బరువును బట్టి అందులో గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

షాపులోనే చూసుకో. ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్ మీద ఒళ్ళంతా మోపి నొక్కి వదులు. స్ప్రింగుదైతే టప్పున ఎగిరి మణికట్టుకు తగులుతుంది. మంచి ఎయిర్ ఫోర్కు గుక్క తిప్పుకున్నట్టు నింపాదిగా లేస్తుంది. కింద ఎర్రటి చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే ఆ లేచే వేగం మారాలి. మారకపోతే ఆ మర అలంకారానికి పెట్టిందే. మెరిసే కడ్డీ మీద ఒక రబ్బరు రింగు కూడా ఉంటుంది. దాన్ని కిందికి జరిపి, మెల్లగా సైకిలెక్కి కూర్చుని, కుదపకుండా దిగు. రింగు 20 నుంచి 25 మిల్లీమీటర్లు పైకి జరిగి ఉంటే గాలి నీ బరువుకు సరిపోయినట్టు.

సైజు విషయంలో నా కథ చెప్తాను, నవ్వకు. నాకు ఎం సైజు కావాలి. షాపులో ఎల్ సైజు మీద భారీ తగ్గింపు ఉంది. "సీటు కిందికి దించుకుంటే సరిపోతుంది సార్" అన్నాడతను. నేనూ అదే వినాలనుకున్నాను. మూడో వారం ఖాజాగూడలో ఒక వాలు పలక మీద బండి ఆగిపోయింది, కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. పక్కకు పడిపోయి మణికట్టుకు ఆరు వారాలు కట్టు. సీటు దిగుతుంది కానీ ఫ్రేము దిగదు కదా. కాళ్ళ మధ్య సైకిల్ పెట్టుకుని రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడు, పై గొట్టానికీ నీకూ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి. నీ ఎత్తుకు ఎస్ సైజు వస్తుంది. కొన్ని మోడళ్ళలో ఎస్‌కు 29 అంగుళాల చక్రం కాకుండా 27.5 ఇస్తారు. రాళ్ళ మీద 29 బాగా దొర్లుతుంది, నిజమే. కానీ దానికోసం పెద్ద ఫ్రేము మాత్రం ఎక్కకు.

ఇక టైర్లు. మన దగ్గర అసలు శత్రువు రాయి కాదు, ముల్లు. గండిపేట వైపు సర్కారు తుమ్మ కొమ్మలు దారి మీదే పడి ఉంటాయి. చలికాలం వచ్చేసరికి పల్లేరు కాయలు ఎండి, ఎటు పడినా ఒక ముల్లు పైకి చూస్తూ కాచుకుని ఉంటాయి. ట్యూబులతో తిరిగిన రోజుల్లో ఒక్క ఆదివారం నాలుగు పంక్చర్లు వేసుకున్నాను. ఇప్పుడు ట్యూబ్‌లెస్. మొన్న వెనక చక్రంలోంచి సుయ్‌మని చప్పుడొస్తే దిగి చూశాను. పల్లేరు ముల్లు పీకగానే, టైరు లోపల పోసే చిక్కని పాలలాంటి సీలెంట్ బుడగలు కట్టింది, చక్రం తిప్పి ఆ చోటు కిందికి తెచ్చేసరికి ఆగిపోయింది. ఒక నిమిషం పని. అందుకే కొనేటప్పుడే రిమ్ములు ట్యూబ్‌లెస్‌కు పనికొస్తాయా అని అడుగు. సీలెంట్ మన ఎండలకు తొందరగా ఆరిపోతుంది, వేసవిలో రెండు నెలలకోసారి చూసుకుని పోసుకో.

వెడల్పు 2.3 అంగుళాలకు తగ్గొద్దు. మన గట్టి నేల మీద సన్నటి గులక పరుచుకుని ఉంటుంది, మలుపులో పప్పుగింజల మీద కాలేసినట్టు జారుతుంది. దానికి పక్కల దిట్టమైన బొడిపెలు, మధ్యలో పొట్టి బొడిపెలు ఉన్న టైరు కావాలి. మట్టిలో ముందు 19, వెనక 22 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టు. ఔటర్ ట్రాక్‌కు పోయే రోజు 32 కొట్టించు, అదే టైరు సగం రోడ్డు టైరు అయిపోతుంది. ఒకే సైకిల్‌తో అన్ని దారులూ తిరిగే కిటుకు చాలావరకు ఈ గాలి పంపులోనే ఉంది. వానాకాలం వికారాబాద్ వైపు నల్లరేగడికి మాత్రం ఏ టైరూ లేదు. చక్రానికీ ఫ్రేముకూ మధ్య పిండిలా కూరుకుపోతుంది, ఇక మోసుకు రావడమే. రెండు రోజులు ఎండ కాశాక వెళ్ళు.

గేర్ల గురించి ఎక్కువ ఆలోచించకు. ముందు మూడు పళ్ళచక్రాలుంటే గుట్టలెక్కడం సులువని మీ నాన్న అన్నాడట. పాత సైకిళ్ళలో ముందు 22 పళ్ళు, వెనక 34. ఇప్పుడు ముందు ఒకటే 30, వెనక 46. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి చూడు, రెండూ 0.65 దగ్గరే ఉంటాయి, అంటే గుట్ట ఎక్కే సులువు దాదాపు ఒకటే. బ్రేకులు మాత్రం హైడ్రాలిక్ డిస్కువి, అంటే తీగతో కాక నూనె ఒత్తిడితో పనిచేసేవి, తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్ అయినా నాకు అభ్యంతరం లేదు, ఆ డబ్బుకు పై తరగతి ఫోర్కు వస్తుంది. హ్యాండిల్ కింద ఫ్రేము వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా వదిలెయ్. ఫోర్కు కడ్డీల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగు, గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ నూనె కారబోతోందని అర్థం. 80 వేలూ సైకిల్‌కే పెట్టకు, హెల్మెట్‌కూ గ్లవ్స్‌కూ ఆరేడు వేలు మిగుల్చుకో.

కొనేముందు ఒక ఆదివారం ఇంటికొచ్చి మీ అత్తయ్య పాత సైకిల్ తీసుకెళ్ళు, అది ఎస్ సైజే. ఖాజాగూడకు ఒకసారి, గండిపేటకు ఒకసారి వెళ్ళి రా. ఫోర్కులో గాలి అత్తయ్య బరువుకు పెట్టి ఉంది, ఎక్కేముందు నీ బరువుకు సరిచేసుకో. ఫోర్కుకు గాలి కొట్టే షాక్ పంపు మెట్ల కింద బియ్యం డబ్బా వెనక ఉంటుంది.

మామయ్య