తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయమ్మా

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పేపర్లో ఇంటర్నేషనల్ డెస్క్‌లో చేరి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే టెన్షన్ పడుతున్నావు. "విదేశాంగ మంత్రి వచ్చాడు, అధ్యక్షుణ్ని కలిశాడు, భద్రత మీదా ప్రభుత్వంలో విభేదాల మీదా మాట్లాడుకున్నారు. వార్తాసంస్థ పంపిన ఏజెన్సీ కాపీ మొత్తం ఇంతే. ఇందులో నేనేం రాయాలి పెదనాన్నా?" అన్నావు. ముప్పై ఏళ్లు ఆ డెస్క్‌లోనే కూర్చున్నవాణ్ని, అయినా ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు మనూరి సంగతి ఒకటి చెబుతాను. మీ నాన్నకు గుర్తుండే ఉంటుంది. తెనాలి దగ్గర మన పొలం పక్కన అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి బోరు ఉండేది. పంపకాలప్పుడు పెద్దమనుషులు కూర్చుని కాగితం రాశారు. అన్నకు వారంలో నాలుగు రోజులు నీళ్లు, తమ్ముడికి మూడు రోజులు. ఇద్దరూ సంతకాలు పెట్టారు, అందరూ కాఫీలు తాగారు. తమ్ముడి వంతు వచ్చిన మొదటి రాత్రి అతను టార్చిలైటు పట్టుకుని మోటారు షెడ్డుకు వెళ్లాడు. షెడ్డుకు తాళం వేసి ఉంది. తాళంచెవి అన్న మొలతాడుకుంది, అన్న గుంటూరు వెళ్లాడు. తర్వాతి వారమూ అంతే. కంకి దశలో ఉన్న మొక్కజొన్న ఎండిపోయింది. ఆ కాగితం నేను చూశాను. గట్ల కొలతలున్నాయి, చెట్ల లెక్క ఉంది, రోజుల లెక్క ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఒక్క ముక్క లేదు.

బలహీనమైన ప్రభుత్వాల గురించి ఎక్కడ ఎవరు చర్చలు జరిపినా నాకు ఆ షెడ్డే గుర్తొస్తుంది. కాపీ చేతికి రాగానే నువ్వు వెతకాల్సింది ఆ తాళంచెవినే. సైన్యం ఎవరి మాట వింటుంది, పోలీసు అధికారులను వేసేదెవరు, ఖజానా మీద సంతకం ఎవరిది. వీటికి జవాబు దొరికితే అదే నీ లీడ్, అంటే వార్త మొదటి వాక్యం. దొరక్కపోతే, ఆ సంగతి తేలలేదన్నదే లీడ్. చేతులు కలిపిన ఫొటో ఎలాగూ పక్కన పడుతుంది, దాన్ని మళ్లీ అక్షరాల్లో రాయక్కర్లేదు.

నేపాల్ వాళ్లు ఈ తాళంచెవి సంగతి నిజంగానే కాగితం మీద రాసుకున్నారు. 2006 నవంబరులో మావోయిస్టులకూ ప్రభుత్వానికీ శాంతి ఒప్పందం కుదిరింది. మావోయిస్టుల తుపాకులను శిబిరాల్లో కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. కాపలా చూసింది ఐక్యరాజ్యసమితి బృందం, తాళంచెవులు మాత్రం మావోయిస్టుల దగ్గరే ఉండేలా ఒప్పుకున్నారు. సైన్యం కూడా అన్నే తుపాకులు లోపల పెట్టింది. ఇంత చిన్న ఏర్పాటు ఎంత పెద్దదో ఐదేళ్ల తర్వాత తెలిసింది. 2011లో మావోయిస్టు నేత బాబూరాం భట్టరాయ్ ప్రధాని కాగానే ఆ తాళంచెవులు అప్పగించాలని నిర్ణయిస్తే, సొంత పార్టీలోనే మోహన్ వైద్య వర్గం అడ్డం తిరిగింది. మరుసటి ఏడాది పార్టీ రెండుగా చీలింది. ఆ రోజుల్లో ఖాట్మండు నుంచి వచ్చే కాపీల్లో తాళంచెవుల మాట ఎక్కడో ఆరో పేరాలో ఉండేది. దాన్ని పైకి తెచ్చి రాసినందుకు ఇప్పటికీ నాకు తృప్తిగా ఉంటుంది.

తృప్తి లేనిది కాబూల్ విషయంలో. అది కూడా నీకు చెప్పాలి.

2014లో అఫ్గానిస్తాన్‌లో అష్రఫ్ ఘనీకీ అబ్దుల్లా అబ్దుల్లాకీ మధ్య అధ్యక్ష ఎన్నిక తేలలేదు. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ జులైలో కాబూల్ వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. దాదాపు 80 లక్షల ఓట్లూ మళ్లీ పరిశీలించడానికి ఒప్పించాడు. సెప్టెంబరు 21న ఇద్దరూ సంతకాలు పెట్టి కౌగిలించుకున్నారు. ఘనీ అధ్యక్షుడు, అబ్దుల్లా వర్గానికి చీఫ్ ఎగ్జిక్యూటివ్ అనే కొత్త పదవి. ఆ రాత్రి పేజీ నాది. 'కాబూల్ సంక్షోభానికి తెర' అని మూడు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టాను. ఎన్నికల సంఘం గెలిచినవాడి పేరు చెప్పింది గానీ ఎన్ని ఓట్లతో గెలిచాడో ఆరోజు చెప్పలేదు. ఆ వాక్యం కాపీలో ఉంది. చోటు చాలక నేనే కొట్టేశాను. ఓట్లు ఎన్నో చెప్పుకోలేని గెలుపు మీద ప్రభుత్వం నిలబెడుతున్నారంటే, అంతకంటే వార్త ఇంకేముంటుంది? పెన్సిల్ గీత పడిన ఆ వాక్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. చీఫ్ ఎగ్జిక్యూటివ్ అన్నదాన్ని 'ప్రధాని' అని రాశాను, చదివేవాళ్లకు సులువుగా అర్థమవుతుందని. ఆ రాజ్యాంగంలో ప్రధాని పదవే లేదు. అధ్యక్షుడి ఉత్తర్వుతో పుట్టిన పదవి అది, అధ్యక్షుడితో చెడితే దానికి చట్టం అండ ఉండదు. ఆ ప్రభుత్వంలోని బలహీనతంతా ఆ ఒక్క మాటలో ఉంది, నేను దాన్ని 'ప్రధాని' అని చెరిపేశాను. పదవుల పేర్లు తెలుగు చేసేటప్పుడు నూటికి నూరుపాళ్లు జాగ్రత్తగా ఉండు. సరైన మాట దొరక్కపోతే ఉన్న పేరే తెలుగు లిపిలో రాసి, పక్కనే ఆ పదవికి అధికారం ఎక్కడి నుంచి వస్తుందో ఒక వాక్యం రాయి.

ఆ ఒప్పందంలో ఒక గడువు కూడా ఉంది. రెండేళ్లలోగా లోయా జిర్గా, అంటే దేశంలోని పెద్దలందరి మహాసభ, పిలిచి ప్రధాని పదవి గురించి రాజ్యాంగం మార్చే విషయం తేల్చాలని. రెండేళ్లూ గడిచాయి. ఒక సాయంత్రం బ్రాడీపేట నుంచి రిటైరైన మాస్టారొకరు డెస్క్‌కు ఫోన్ చేశారు. "అయ్యా, రెండేళ్లలో సభ పెడతారని మీరే రాశారు. పెట్టారా?" అని అడిగారు. ఆయన ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నారట. నా దగ్గర జవాబు లేదు. లైన్లో ఉండమని చెప్పి ఏజెన్సీ పాత కాపీలు వెతికితే తెలిసింది, పెట్టలేదని. ఆ తర్వాత కూడా పెట్టనే లేదు.

అప్పటి నుంచి నాకు డైరీ అలవాటైంది. ఏ ఒప్పందంలోనైనా 'మూడు నెలల్లో', 'ఏడాదిలోగా' అని కనిపిస్తే ఆ తేదీ పేజీలో రాసి పెట్టుకునేవాణ్ని. నువ్వు ఫోన్లో రిమైండర్ పెట్టుకో. ఆ రోజు వచ్చాక ఏజెన్సీ కాపీ పంపినా పంపకపోయినా నువ్వు వెతికి సింగిల్ కాలమ్ అయినా ఇవ్వు. మాట ఇచ్చి తప్పినవాళ్ల గురించి వేరే వార్త పుట్టదమ్మా. తేదీ గడిచిపోవడమే వార్త.

గడువు దగ్గరపడుతున్న రోజుల్లోనే, 2016 ఏప్రిల్ 9న, కెర్రీ మళ్లీ కాబూల్ వచ్చాడు. సరిగ్గా నిన్న నువ్వు చదివి వినిపించిన కాపీ లాంటిదే అప్పుడూ వచ్చింది: భద్రత, విభేదాలు, మద్దతు. కానీ లోపల ఒక మాట ఉంది. ఉమ్మడి ప్రభుత్వం రెండేళ్లకు ముగిసిపోదు, ఐదేళ్లూ ఉంటుందని ఆయన అన్నాడు. వచ్చిన అతిథి ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, ముగిసిపోతుందని ఆ ఊళ్లో జనం అనుకుంటున్నారనే కదా అర్థం. ఇలాంటి వాక్యాలను తిరగేసి చదవడం నేర్చుకో. 'ఐక్యంగా ఉన్నారు' అని ఎవరైనా గట్టిగా చెబితే, ఎవరు అడిగితే చెప్పారో చూడు. కాపీలో 'ఫ్రాంక్' (నిర్మొహమాటంగా) అన్న మాట కనిపిస్తే గొడవ పడ్డారని దాదాపుగా అనుకోవచ్చు. మనవాళ్లు అలవాటుగా రాసే 'చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయి' అన్న వాక్యాన్ని మాత్రం నా మీద గౌరవం ఉంటే ఎప్పుడూ రాయకు.

ఆ పర్యటన ముగిసిన రాత్రే కాబూల్‌లో రాకెట్లు పడ్డాయి. అంతకుముందు 2015 సెప్టెంబరు 28న కుందుజ్ నగరం తాలిబన్ల చేతికి చిక్కింది. 2001 తర్వాత వాళ్లు పట్టుకున్న మొదటి పెద్ద నగరం అదే. ఆ కొత్త ప్రభుత్వానికి పార్లమెంటు ఆమోదించిన రక్షణ మంత్రి 2016 జూన్‌కు గానీ దొరకలేదు. ఒక పేరు పెడితే పార్లమెంటు తిప్పికొట్టేది, ఇంకో పేరు మీద ఇద్దరికీ కుదిరేది కాదు. ఏజెన్సీలు భద్రతను ఒక వార్తగా, విభేదాలను ఇంకో వార్తగా పంపుతాయి. నువ్వు రెండూ కలిపి చదువు. మంత్రి కుర్చీ ఖాళీగా ఉండటానికీ ఊరు చేజారడానికీ మధ్య ఉన్న దారి పాఠకుడికి కనిపించాలి.

లెక్కలు కూడా వదలకు. లెబనాన్‌లో 2008 మేలో అధికార, ప్రతిపక్షాల మధ్య దోహా ఒప్పందం కుదిరినప్పుడు 30 మంది మంత్రుల్లో ప్రతిపక్షానికి 11 అని తేల్చారు. పది కాదు, పన్నెండు కాదు, పదకొండే ఎందుకు? మూడో వంతు కంటే ఎక్కువమంది రాజీనామా చేస్తే ప్రభుత్వం పడిపోయినట్టేనని అక్కడి రాజ్యాంగం చెబుతుంది. 2009లో వచ్చిన తర్వాతి ప్రభుత్వంలో ప్రతిపక్షానికి పదే ఇచ్చారు. అయినా 2011 జనవరి 12న ఆ పదిమందితో పాటు అధ్యక్షుడి వాటాలోని మంత్రి ఒకాయన కూడా తప్పుకున్నాడు. లెక్క పదకొండైంది. ప్రధాని సాద్ హరీరీ వాషింగ్టన్‌లో ఒబామాను కలిసిన రోజే ఇంటి దగ్గర ప్రభుత్వం కూలిపోయింది. అందుకే పదవుల పంపకం వార్తలో అంకె కనిపిస్తే, ఆ అంకెతో ఏం ఆపవచ్చో, ఏం కూల్చవచ్చో అడిగి తెలుసుకుని రాయి.

జాతులు, మతాల పేర్లతో మాత్రం తొందరపడకు. ఘనీ పష్తూన్, అబ్దుల్లా తాజిక్ అని ఒక్క ముక్కలో తేల్చేయడం మాకందరికీ అలవాటుగా ఉండేది. అబ్దుల్లా తండ్రి కాందహార్ పష్తూన్. కులం పేరు చెప్పి మన రాజకీయాలను ఎవరైనా బయటివాడు ఒక వాక్యంలో తేల్చేస్తే మనకెంత కష్టంగా ఉంటుందో, అంతే.

"గుంటూరు పాఠకుడికి ఇదంతా ఎందుకు?" అని మీ ఇన్‌చార్జి అడిగాడని చెప్పావు. అడగాల్సిన ప్రశ్నే అది. కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టించింది మన దేశం, 2015 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆరేళ్లు తిరక్కుండానే ఆ పార్లమెంటే లేకుండా పోయింది. 2020 మార్చి 9న ఘనీ, అబ్దుల్లా ఒకేరోజు వేర్వేరుగా అధ్యక్షులుగా ప్రమాణం చేశారు. రెండు వారాలకు అమెరికా మంత్రి మైక్ పాంపియో వచ్చి రాజీ కుదర్చలేక, 100 కోట్ల డాలర్ల సాయం తగ్గిస్తామని చెప్పి వెళ్లాడు. మేలో మళ్లీ ఒక కాగితం, మళ్లీ సంతకాలు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. ఆ వారం మీ పెద్దమ్మ అంజీర్ తెమ్మంటే వన్‌టౌన్ వెళ్లాను. ఎప్పుడూ గోనె సంచి నోరు తెరిచి ముందు పెట్టే కొట్టతను దాన్ని లోపలికి జరిపి, పావుకిలో మించి ఇవ్వనన్నాడు. "సరుకు అక్కణ్నుంచి రావట్లేదండీ, ఎప్పుడొస్తుందో తెలియదు" అన్నాడు. అతని పక్కన పేపరు పరిచి ఉంది. ఏడేళ్ల క్రితం అలాంటి పేపర్లోనే సంక్షోభానికి తెర పడిందని నేను రాశాను.

ఈ రాత్రికి నీకు వచ్చే కాపీతో ఇలా చెయ్యి. ముందు మొత్తం చదివి పక్కన పెట్టు. వచ్చినాయన విభేదాలున్న ఇద్దరినీ ఒకే గదిలో కలిశాడా, విడివిడిగానా చూడు. విడివిడిగా అయితే అదే రెండో వాక్యం. పాత ఒప్పందం ఏదైనా ఉంటే తెప్పించుకుని అందులో గడువు ఏ రోజో చూడు. హెడ్డింగ్‌లో 'సఫలం', 'కొలిక్కి' లాంటి మాటలు పెట్టమని ఎవరైనా తొందరపెడితే, ఏం కుదిరిందో చెప్పండి, అదే పెడతానని మర్యాదగా అడుగు. చిన్నదానివని మొహమాటపడకు.

వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు నువ్వు రాసిందీ, అసలు ఏజెన్సీ కాపీ కూడా తీసుకురా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. నువ్వు చోటు చాలక కొట్టేసిన వాక్యాలు ఏవో నాకు ముందు అవి చూపించు.

ఇట్లు,
పెదనాన్న