సర్వే రాయి పడినంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. నా వయసు 56. నేను కొన్న మూడెకరాలు, చనిపోయిన మా నాన్న పేరున 2 ఎకరాల 20 సెంట్లు ఉన్నాయి. హైవే మీద రద్దీ పెరిగిందని మా ఊరి వెనక నుంచి కొత్త రోడ్డుకు సర్వే చేసి రాళ్లు పాతారు. పేపర్లో ప్రకటన ఇంకా రాలేదు. రాళ్ల ప్రకారం నాన్న చెక్క మొత్తం పోతుంది. బోరు, పొగాకు బ్యారన్ అందులోనే ఉన్నాయి. నా మూడెకరాలు రోడ్డుకు అవతల పడతాయి. ఒంగోలు నుంచి ఒకాయన వచ్చి ఎకరం 16 లక్షలకు అగ్రిమెంటు రాయమంటున్నాడు. ఇప్పుడు 2 లక్షలు అడ్వాన్సు, మిగతాది ప్రభుత్వ పరిహారం వచ్చాక ఇస్తాడట. మా దగ్గర రేటు 8 లక్షలకు మించదు. నాకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షల అప్పు, బ్యాంకులో 2 లక్షల పంట రుణం ఉన్నాయి. అమ్మాయి పెళ్లి మాఘంలో చేద్దామనుకుంటున్నాం. మా బావమరిది, వచ్చే డబ్బంతా కొత్త రోడ్డు పక్కన ప్లాట్ల మీద పెట్టమంటున్నాడు. చెల్లెలు కావలిలో ఉంది. పెళ్లప్పుడే కట్నం ఇచ్చాం కాబట్టి ఆమె వాటా అడగదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి. ఆయన చేతి నుంచి కదిలేది 2 లక్షలే. మిగతా 33 లక్షలు మీకు రావాల్సిన పరిహారం నుంచే మీకు తిరిగి ఇస్తాడు. రోడ్డు లైను అటో ఇటో జరిగితే ఆయన తప్పుకుంటాడు, మీరు అడ్వాన్సు తగాదాలో ఇరుక్కుంటారు.

ఎకరానికి 16 లక్షలు ఎక్కువో తక్కువో తేలాలంటే పరిహారం ఎలా కడతారో తెలియాలి. అది ఊళ్లో చెప్పుకునే రేటును బట్టి ఉండదు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి, గత మూడేళ్లలో మీ ఊళ్లోనూ చుట్టుపక్కలా అలాంటి భూములకు రిజిస్టరైన దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసుకుని వాటి సగటు ఒకటి. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. పల్లె భూమి అయితే దాన్ని 1 నుంచి 2 మధ్య ప్రభుత్వం నిర్ణయించిన గుణకంతో పెంచుతారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం (భూమిని బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలుపుతారు. ప్రకటన రోజు నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) రోజు దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి కూడా 2015 జనవరి 1 నుంచి ఈ లెక్కే.

గుణకం 1.25 అనీ, అవార్డుకు ఏడాదిన్నర పడుతుందనీ అనుకుందాం. దస్తావేజుల సగటు నిజంగా 8 లక్షలు ఉంటే, గుణకంతో 10 లక్షలు, సొలేషియంతో 20, అదనం 1.44 లక్షలు. ఎకరానికి 21.44 లక్షలు, మీ చెక్కకు సుమారు 47 లక్షలు. ఆ పెద్దమనిషి ఇస్తానన్నది 35 లక్షల 20 వేలు. దాదాపు 12 లక్షల తేడా.

కానీ మన పల్లెల్లో 8 లక్షలకు అమ్మి, స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో 5 లక్షలు రాయించే అలవాటు ఉంది. సగటు 5 లక్షలే తేలితే ఎకరానికి వచ్చేది 13.40 లక్షలు. అప్పుడు 16 లక్షలే మెరుగనిపిస్తుంది. ఈ లెక్కలో సగటు 6 లక్షలు దాటితే ఆగడమే లాభం. కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మీ పక్క సర్వే నంబర్లకు ఈసీలు (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి, మూడేళ్ల దస్తావేజుల నకళ్లు చూడండి. మీకు 16 ఇస్తానన్న మనిషి ఆ పని ముందే చేసి ఉంటాడని నా నమ్మకం. ఇప్పుడు హడావిడిగా ఎక్కువ ధరతో దొంగ దస్తావేజులు పుట్టిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. భూసేకరణ ప్రతిపాదించిన ఏడాదికి ముందు మూడేళ్లవే లెక్కలోకి తీసుకుంటారు.

నిజానికి మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది పోయే చెక్క కాదు, మిగిలే మూడెకరాలు. బోరు ఇవతల, చేను అవతల. మధ్యలో గట్టు కట్టిన రోడ్డు. ఉన్న హైవేను వెడల్పు చేస్తే ఊళ్లలో ఇళ్లూ దుకాణాలూ పోతాయని కొత్త రోడ్లను చేల మీదుగా గీస్తారు. ఊరి రద్దీ తగ్గుతుంది, నిజమే. దాని ఖర్చు మాత్రం మీలాంటి వాళ్ల డొంక మీద, నీళ్ల మీద పడుతుంది. కొడికొండ నుంచి ముప్పవరం దాకా మన మెట్ట ప్రాంతం మీదుగా వచ్చే బెంగళూరు-విజయవాడ కారిడార్ ఈ రకందే. నిర్ణీత చోట్ల తప్ప దాని మీదికి ఎక్కే దారి ఉండదు. మీ రోడ్డు కూడా అలాంటిదైతే, కింద నుంచి ట్రాక్టరు పోయే అండర్‌పాస్ ఎక్కడ వస్తుందన్న దాన్ని బట్టి మీ మూడెకరాల విలువ తేలుతుంది.

జాతీయ రహదారి అయితే మొదట 3ఎ ప్రకటన (ఈ భూమి తీసుకోవాలనుకుంటున్నామని చెప్పేది) గెజిట్‌లో వస్తుంది, తెలుగు పేపర్లోనూ వేస్తారు. గెజిట్ తేదీ నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. రోడ్డు వద్దని రాస్తే ఫలితం తక్కువ. మీ డొంక సర్వే నంబరు రాసి, అక్కడ అండర్‌పాస్ కావాలనీ, నీటి పైపు దాటడానికి దారి ఉంచాలనీ అడగండి. అవతల చేలున్న రైతులందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇస్తే ఇంకా బలం. భూమి రెండు ముక్కలైనందువల్ల మిగిలిన దానికి జరిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కగట్టాలని చట్టంలోనే ఉంది. అడగని వాళ్లకు అది రాదు. కొలతలకు వచ్చిన రోజు తప్పకుండా చేలో ఉండి బోరు, మోటారు, భూగర్భ పైపు, బ్యారన్, ప్రతి చెట్టూ పంచనామాలో ఎక్కించాకే సంతకం చేయండి. వీటికి విలువ విడిగా కడతారు. ఇవాళే ఫోటోలు తీసి పెట్టుకోండి. బ్యారన్ పోతోందని పొగాకు బోర్డు వేలం కేంద్రంలో కూడా ముందే మాట్లాడండి.

3ఎ వచ్చిన ఏడాదిలోపు, భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే 3డి ప్రకటన రాకపోతే మొదటిది రద్దయినట్టే. 3డి వచ్చాక భూమి కేంద్రానిది అవుతుంది. తర్వాత అవార్డు, ఆపైన డబ్బు. మీ దగ్గర ఇంకా 3ఎ కూడా రాలేదు. మాఘంలో పెళ్లి ఈ డబ్బుతో అనుకోవద్దు. పరిహారం వస్తుంది కదా అని ఇంకో నాలుగు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, ఏడాదికి 96 వేలు వడ్డీకే పోతుంది. ఇప్పటికే ఆరు లక్షల మీద 1,44,000 కడుతున్నారు. పెళ్లి చేయండి, కానీ చేతిలో ఉన్నంతలో చేయండి.

ఇక చెల్లెలి సంగతి. ఆమె అడగదు అన్నారు. అడగకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. కట్నం ఇచ్చినంత మాత్రాన తండ్రి భూమిలో కూతురి వాటా పోదు. వీలునామా లేకుండా నాన్న పోయి, అమ్మ కూడా లేకపోతే, మీ ఇద్దరే పిల్లలైతే ఆ చెక్కలో సగం ఆమెది. వాటాల మీద తగాదా వస్తే భూసేకరణ అధికారి దాన్ని సివిల్ కోర్టుకు పంపుతారు, డబ్బు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఆమె ఇష్టపడి వదులుకుంటే రిజిస్టర్డ్ పత్రం రాయించుకోవచ్చు. నా మాట అడిగితే, సగం ఇవ్వండి. ఎకరం 8 లక్షలున్నప్పుడు అడగని చెల్లెలు, 47 లక్షలు వచ్చాయని తెలిసి అడగకుండా ఉంటే, ఆ బాధ లోపల పెట్టుకుంటుంది.

కాబట్టి మీ లెక్క 47 లక్షలు కాదు, 23 లక్షల 50 వేల చుట్టుపక్కల. బోరు, బ్యారన్ విలువ దీనికి అదనం. పల్లెలో సాగు భూమి కాబట్టి పరిహారం మీద ఆదాయపు పన్ను ఉండదు. తర్వాత దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయం కిందికే వస్తుంది. డబ్బు పడిన రోజే ఆ 6 లక్షల అప్పు తీర్చి నోటు చింపించండి. పంట రుణం తొందర లేదు. గడువులోగా కడితే దాని మీద పడేది 4 శాతమే. అవతలి చేలో కొత్త బోరుకు, కరెంటు లైనుకు మూడు లక్షలు పక్కన పెట్టండి. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఒక పేరున 9 లక్షల దాకా వేయొచ్చు. 2025లో ఉన్న 7.4 శాతం ప్రకారం నెలకు 5,550 రూపాయలు వస్తాయి. పోయిన చేను మీద వచ్చే రాబడికి అది కొంతైనా బదులు. మిగతా అయిదు లక్షల పైచిలుకు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే బీమా ఉంటుంది, అందుకని రెండు బ్యాంకుల్లో వేయండి. భూమికి భూమే కొనాలనిపిస్తే ఒక ఏడాది ఆగండి. ఊరందరికీ ఒకేసారి డబ్బు పడినప్పుడు చుట్టూ ఎకరం రేటు ఒక్కసారిగా లేస్తుంది.

బావమరిది చెప్పిన ప్లాట్లు వద్దు. మీ ట్రాక్టరే ఎక్కలేని రోడ్డు పక్కన దుకాణం పెట్టేదెవరు? ఐదో నంబరు హైవే (ఇప్పటి 16) నాలుగు వరుసలైన రోజుల్లో టంగుటూరు దగ్గర మా మేనమామ చేను పోయింది. వచ్చిన డబ్బంతా ఆయన అనుమతి లేని ఒక లేఅవుట్‌లో పెట్టాడు. ఆ ప్లాట్లకు ఈ రోజుకీ దారి లేదు. ఆయన చివరి పదేళ్లూ కౌలు చేసుకుని బతికాడు. ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టింది కూడా ఆయన్ని చూసిన బాధతోనే.

ఈ వారం చేయాల్సినవి రెండే. ఈసీలకు దరఖాస్తు పెట్టండి. కావలి వెళ్లి చెల్లెలితో కూర్చుని మాట్లాడి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయండి. ఆ చెక్క ఇంకా నాన్న పేరునే ఉంటే నోటీసు కూడా ఆయన పేరునే వస్తుంది.