సెన్సర్ల వర్క్‌షాప్ పెట్టబోతున్న శిష్యునికి

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

మీ పాలిటెక్నిక్ విద్యార్థులకూ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే యువరైతులకూ కలిపి రెండు రోజుల సెన్సర్ల వర్క్‌షాప్ పెట్టదలచానని నువ్వు పంపిన ప్రణాళికను రెండుసార్లు చదివాను. మొదటి రోజే ఎనిమిది సెన్సర్లు, మొబైల్ యాప్, క్లౌడ్, వీటన్నింటికీ ముందు గంటన్నర ఉపన్యాసం పెట్టావు. ఇందులో ముప్పావు వంతు కొట్టివేయి. గదిలోని వేడినీ తేమనూ కొలిచి, ఆ అంకెలను వై-ఫై మీద పంపే పెట్టె ఒక్కటి ప్రతి జంటా సొంత చేతులతో కట్టి ఇంటికి పట్టుకుపోతే చాలు. మిగిలినవి వాళ్లే నేర్చుకుంటారు.

జంటలు అనడానికి కారణం ఉంది. ఒక బల్ల దగ్గర ముగ్గురిని కూర్చోబెడితే మూడో మనిషి ఫోన్ చూసుకుంటూ ఉండిపోతాడు. ఇరవై నలుగురిని పిలిస్తే పన్నెండు కిట్లు, పైన కనీసం మూడు అదనపు బోర్డులు పెట్టుకో. నాలుగు బల్లలకు ఒక సహాయకుణ్ణి ఉంచి, అతడు వైరును తాను గుచ్చకూడదని, చూపించి వాళ్లచేతనే గుచ్చించాలని ముందే గట్టిగా చెప్పు.

నా అనుభవంలో మొదటి పూట తినేసేవి ప్రోగ్రాములు కావు, యూఎస్‌బీ కేబుళ్లు. చార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు. దానితో కలిపితే బోర్డు మీద ఎర్ర దీపం చక్కగా వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం పోర్టు కనబడదు, విద్యార్థి బోర్డు కాలిపోయిందనుకుని బిక్కచచ్చిపోతాడు. అందుకని ప్రతి కేబుల్‌నూ నువ్వే పరీక్షించి, పనిచేసిన దానికి రంగు టేపు చుట్టు. మనం వాడే ఈఎస్‌పీ32 బోర్డుల (వై-ఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుల) మీద యూఎస్‌బీతో కలిపే చిప్‌గా సాధారణంగా సీపీ2102 గాని, సీహెచ్340 గాని ఉంటుంది కనుక ఆ రెండింటి డ్రైవర్లూ, ప్రోగ్రాము రాసి బోర్డులోకి ఎక్కించే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్, దానికి తోడు ఈఎస్‌పీ32 ప్యాకేజీ పెన్‌డ్రైవ్‌లలో సిద్ధంగా ఉంచు. ఆ ప్యాకేజీ వందల ఎంబీల బరువుంటుంది. అందరూ ఒకే కనెక్షన్ మీద ఒకేసారి దించుకోవడం మొదలుపెడితే మధ్యాహ్న భోజనం వేళకు కూడా ముగియదు. ఇంకొక చిన్న సంగతి: ముప్పై ఎనిమిది పిన్నుల బోర్డు, టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే మామూలు బ్రెడ్‌బోర్డు వెడల్పునంతా కప్పేస్తుంది, జంపర్ వైరు గుచ్చడానికి ఒక పక్క రంధ్రమే మిగలదు. జంటకు రెండు బ్రెడ్‌బోర్డులు ఇచ్చి పక్కపక్కన కలిపి వాడమను.

నెట్‌వర్క్ విషయంలో కళాశాల వై-ఫైని నమ్ముకోవద్దు. కనెక్ట్ కాగానే లాగిన్ పేజీ అడిగే చోట ఈ బోర్డులు ఏమీ చేయలేవు. అవి 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టిన హాట్‌స్పాట్ వాటికి కనబడదు. ఒక చిన్న రౌటర్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని, దాని మీద మాస్కిటో బ్రోకర్‌ను, అంటే బోర్డులు పంపే అంకెలను అందుకుని కావలసినవారికి చేరవేసే ప్రోగ్రామును, నడుపు. ఇంటర్నెట్ లేకపోయినా గదిలో అంతా నడుస్తుంది. మాస్కిటో 2.0 నుంచి అదే యంత్రంలోని కనెక్షన్లను తప్ప బయటివాటిని తనంతట తాను రానివ్వదు కాబట్టి, 1883 పోర్టును తెరిచే వరుసను సెట్టింగుల ఫైలులో నువ్వే చేర్చాలి. బోర్డులూ బ్రోకరూ మాట్లాడుకోవడానికి మనం వాడే ఎంక్యూటీటీ పద్ధతి 1999లో చమురు పైపులైన్ల మీది పరికరాల నుంచి ఉపగ్రహం ద్వారా సమాచారం తెచ్చుకోవడానికి పుట్టింది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే మన ఊళ్లకు అది సరిపోవడానికి కారణం అదే. చరిత్ర ఈ రెండు వాక్యాలు చాలు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి నేను అందరికీ ఒకే ప్రోగ్రామును పంచాను. మొదటి బోర్డు బాగా పలికింది. రెండోది కలవగానే మొదటిది తెగిపోయింది, అది మళ్లీ కలవగానే రెండోది తెగింది. కాసేపటికి బల్లలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టయింది. రౌటర్ మార్చాను, వైర్లు పీకించాను, చెమటలు పట్టాయి. చివరికి చూస్తే ప్రోగ్రాములో క్లయింట్ పేరు, అంటే బోర్డు బ్రోకర్‌కు తనదని చెప్పుకునే పేరు, అందరికీ ఒకటే. ఒకే పేరుతో ఇంకొకరు వస్తే బ్రోకర్ పాతవాణ్ణి బయటకు పంపుతుంది. కాబట్టి బల్లలకు సంఖ్యలు వేసి, ఆ సంఖ్యనే క్లయింట్ పేరులో చేర్చమను.

వేడినీ తేమనూ కొలిచే సెన్సర్‌గా డీహెచ్‌టీ11 చవకే గాని, రెండు డిగ్రీల వరకు తేడా చూపగలదు. వీలైతే డీహెచ్‌టీ22 తీసుకుని, రెండేసి సెకన్లకు మించి వేగంగా అడగవద్దని చెప్పు. బోర్డుకు ఆనించి పెడితే దాని వేడినే కొలుస్తుంది, కాస్త వైరు పొడుగుంచి దూరంగా జరపాలి. అంకెలు రాగానే సెన్సర్ మీద నోటి ఆవిరి ఊదమను. యాభై దగ్గర ఉన్న తేమ చూస్తుండగానే ఎగబాకుతుంది. ఆ క్షణాన గదిలో రేగే సందడి వల్ల ఆ తరువాతి రెండు గంటలూ ఎవరికీ నిద్ర రాదు.

రైతులు తప్పకుండా అడిగే ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకో. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది కనుక, ఈ పెట్టెను వడ్ల కుప్పలో పెట్టి చూడవచ్చా అంటారు. కూడదు. ఇది గాలిలోని తేమను కొలుస్తుంది, గింజలోని తేమను కాదు. ఆ మాట నిజాయితీగా చెప్పి, ఏనుమాముల మార్కెట్‌కు పోయే ముందు మిర్చి బస్తాలు నిలువ ఉంచే గదిలోనో, మక్కలు పోసిన కొట్టంలోనో గాలి ఎప్పుడు చెమ్మగా ఉంటుందో తెలుసుకోవడానికి ఇది పనికివస్తుందని చూపించు.

రెండో రోజు మధ్యాహ్నం సమయం మిగిలితేనే, నీళ్ల ట్యాంకు మట్టం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్‌ను బయటికి తీయి. తిరిగి వచ్చిన ధ్వని సంకేతాన్ని బోర్డుకు అందించే దాని ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, మన బోర్డు పిన్నుకు 3.3 వోల్టులు మించకూడదు. ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్ రెసిస్టర్లతో దాన్ని తగ్గించకుండా ఎవరినీ స్విచ్ వేయనివ్వకు.

ముందు రోజు సాయంత్రం అదే గదిలో, అవే కిట్లతో, ఈ విషయం తెలియని ఒక విద్యార్థిని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చేయించు. నేనూ వస్తాను. నా మల్టీమీటరు, రంగు టేపు తెస్తాను, కేబుళ్లన్నీ ఒకచోట పోసి ఉంచు.

నీ సార్