మొదటి టెలిస్కోపు కొనేటప్పుడు స్టాండును తట్టి చూడండి

మొదటి టెలిస్కోపుగా ఏది కొనాలని అడిగారు, రెండింటి మధ్య ఊగిసలాడుతున్నారు. ఒకటి సన్నని ముక్కాలి స్టాండుతో వచ్చే 70 మి.మీ. లెన్సు టెలిస్కోపు, పెట్టె మీద "525 రెట్లు" అని పెద్ద అక్షరాలతో ఉన్నది. రెండోది 130 మి.మీ. అద్దంతో, బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్, అంటే ముక్కాలి స్టాండు బదులు తిరిగే పెట్టె మీద కూర్చునే అద్దపు టెలిస్కోపు. శని వలయాలు కళ్లారా చూడాలి, వీలైతే ఫోటోలు తీయాలి అన్నారు. నా ఓటు రెండోదానికే. అద్దం పెద్దదన్నది అందుకు సగం కారణం మాత్రమే.

ముందు ఆ 525 సంగతి తేల్చేద్దాం. లెన్సు లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం నాభ్యంతరం, కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు ఐపీస్. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 700 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 28 రెట్లు. 4 మి.మీ. ఐపీస్ పెట్టి, మధ్యలో బొమ్మను ఇంకా పెంచే మూడు రెట్ల బార్లో లెన్సు దూర్చితే సరిగ్గా 525 వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు, చూడటానికి బొమ్మే మిగలదు. లెన్సు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటాక కొత్త వివరం ఒక్కటీ కనబడదు, మసక మాత్రం పెరుగుతుంది. 70 మి.మీ. లెన్సుకు ఆ హద్దు 140. అది కూడా పైన గాలి నిలకడగా ఉన్న రాత్రే. ఇక వెలుతురు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 130 మి.మీ. అద్దం లెక్కప్రకారం దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ పోగుచేస్తుంది. లోపలి చిన్న అద్దం కాస్త అడ్డుపడినా, అద్దాల దగ్గర కొంత వెలుతురు తరిగినా తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, స్టాండు. చుట్టుపక్కల పిల్లలకు ఆకాశం చూపించే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. అందువల్ల "ఇది పనిచేయడం లేదు, కాస్త చూడండి" అంటూ టెలిస్కోపులు నా దగ్గరకు వస్తూ ఉంటాయి. చాలావాటిలో లెన్సుకు ఏ జబ్బూ ఉండదు. తంటాలు పడి గురుగ్రహాన్ని పట్టుకుంటాం. స్పష్టత కోసం ఫోకస్ మరను ముట్టుకోగానే గ్రహం గీతలా సాగి పైకీ కిందికీ కొట్టుకుంటుంది. చెయ్యి తీసి ఆగుతాం. నిలిచేసరికి ఫోకస్ ఇంకా కుదరలేదని తెలుస్తుంది. మళ్లీ ముట్టుకోవాలి, మళ్లీ ఊగుతుంది. ఈలోపు భూమి ఊరుకోదు కదా, మామూలు ఐపీస్‌తో 120 రెట్ల దగ్గర గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు జారిపోవడానికి రెండు నిమిషాలైనా పట్టదు. మర వదులు చేసి, గొట్టం జరిపి, మళ్లీ బిగిస్తామా, బిగింపు పడే క్షణంలో గొట్టం కొద్దిగా తల వంచుతుంది. గ్రహం మాయం. వెనక వరసలో నిలబడ్డ పిల్లవాడి వంతు వచ్చేసరికి ఐపీస్‌లో చీకటి తప్ప ఏమీ ఉండదు. అలాంటి టెలిస్కోపు నెల తిరక్కుండానే అటక ఎక్కుతుంది, నింద మాత్రం ఖగోళశాస్త్రం మీద పడుతుంది.

కాబట్టి కొనేముందు చేతికి దొరికే అవకాశం ఉంటే ఒక పని చేయండి. దూరంగా ఉన్న ఏ స్తంభం కొననో గురిపెట్టి, గొట్టాన్ని వేలితో తట్టి లోపలికి చూడండి. రెండు మూడు సెకన్లలో కదలిక చల్లారితే ఆ స్టాండు మంచిదే. ఐదారు సెకన్లు దాటినా ఊగుతూనే ఉంటే, పైనున్న లెన్సు ఎంత గొప్పదైనా వద్దనే చెబుతాను.

డాబ్సోనియన్ గెలిచేది ఇక్కడే. లోపల ఉన్నది న్యూటన్ నాటి అద్దపు టెలిస్కోపే, కింద మాత్రం గుండ్రంగా తిరిగే ఒక పెట్టె. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ (1915–2014) శాన్ ఫ్రాన్సిస్కోలో వేదాంత ఆశ్రమ సన్యాసి. పాత ఓడల కిటికీ అద్దాలను అరగదీసి, అట్ట గొట్టాలతో, ప్లైవుడ్‌తో టెలిస్కోపులు చేసేవారు. 1967లో ఆశ్రమం విడిచాక కాలిబాట మీద నిలబడి దారిన పోయేవాళ్లను పిలిచి మరీ ఆకాశం చూపించారు. డబ్బు లేనివాడు, జనానికి చూపించాలనుకున్నవాడు చేసిన పరికరం కాబట్టే అందులో అనవసరమైన మర ఒక్కటీ లేదు. గొట్టాన్ని రాపిడే పట్టి ఉంచుతుంది, తోస్తే కదులుతుంది, వదిలితే నిలుస్తుంది.

దీనికీ చిక్కులున్నాయి. బల్ల గట్టిగా లేకపోతే స్టాండు కథే మళ్లీ మొదలు, తేలికపాటి ప్లాస్టిక్ బల్ల అసలు పనికిరాదు. చూడటానికి ఒక అరగంట ముందు బయట పెట్టాలి, అద్దం వేడి తగ్గేదాకా గ్రహాలు నీళ్లలో ఉన్నట్టు అలలాడతాయి. అద్దాల వరస అప్పుడప్పుడు సరిచేసుకోవాలి, అలవాటైతే ఐదు నిమిషాల పని. మరో జాగ్రత్త: కొన్ని చౌక అద్దపు టెలిస్కోపుల మీద నాభ్యంతరం 1000 మి.మీ. అని ఉంటుంది, గొట్టం చూస్తే అందులో సగమే. లోపల ఒక లెన్సు దాచి నాభ్యంతరాన్ని సాగదీస్తారు. చాలావాటిలో ఆ లెన్సు నాసిరకం, బొమ్మ ఎప్పటికీ పదునుగా రాదు.

ఏం కనబడుతుందంటారా? ఈ తరహా 130 మి.మీ. టెలిస్కోపులకు నాభ్యంతరం సాధారణంగా 650 మి.మీ. కాబట్టి 25 మి.మీ. ఐపీస్‌తో 26 రెట్లు, 10 మి.మీ.తో 65 రెట్లు. శని వలయం 65 దగ్గరే విడిగా తెలుస్తుంది, చిన్నగానే అనుకోండి. తర్వాత ఒక 6 మి.మీ. ఐపీస్ కొనుక్కుంటే వంద దాటుతారు. 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచుగా తిరిగాయి, ఆ తర్వాత ఏటేటా మెల్లగా విప్పారుతాయి. కొన్నాళ్లు సన్నగా కనబడితే టెలిస్కోపును తిట్టకండి. చంద్రుణ్ణి పున్నమినాడు కాకుండా అష్టమి ప్రాంతంలో చూడండి, వెలుగునీడల హద్దు వెంట గుంతల గోడలు నిక్కి నిలబడతాయి. సప్తర్షి మండలంలో అరుంధతి పక్కనున్న వశిష్ఠుడు మామూలు కంటికి ఒక్కడే, టెలిస్కోపులో రెండు నక్షత్రాలు. నాకు ఇప్పటికీ అది చూపించడమంటే ఇష్టం. గెలాక్సీలు మాత్రం బూడిదరంగు మరకలే, మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు.

బైనాక్యులర్స్ చాలని కొందరు అంటారు. కృత్తికలకు 10×50 (పది రెట్లు, 50 మి.మీ. లెన్సులు) బైనాక్యులర్స్‌ను మించింది లేదు, శని వలయాలు మాత్రం వాటిలో తేలవు.

ఫోటోలంటే, చంద్రుడికి ఐపీస్ దగ్గర ఫోను పెడితే చాలు. నీహారికలకు ఆకాశంతోపాటు తిరిగే మోటారు స్టాండు కావాలి, అది వేరే విద్య, వేరే ఖర్చు. మొదటి ఏడాది ఆ జోలికి పోకండి.

తెచ్చిన రోజు పగలే దూరపు స్తంభం మీద ఫైండరును (గొట్టం పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న సాధనం) టెలిస్కోపుతో సరిచూసుకోండి, "ఏమీ కనబడటం లేదు" అనే ఫిర్యాదుల్లో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది. పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సూర్య ఫిల్టరు వస్తే అప్పుడే పగలగొట్టి పారేయండి. కేంద్రీకరించిన ఎండ వేడికి అది చూస్తుండగానే పగలవచ్చు, కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు మూతిని మొత్తం కప్పే, ఆ పనికే తయారుచేసిన ఫిల్టరు ఉండాలి, ఫైండరుకు మూత పెట్టి ఉండాలి.