కొత్త క్యాన్సర్ మందు ఆరోగ్యశ్రీలోకి త్వరగా రావాలంటే

అమ్మాయీ,

మీ గ్రూపు వినతిపత్రం చదివాను. బాధంతా బాగా రాశారు, కానీ అధికారి సంతకం పెట్టడానికి వీలైన వాక్యం అందులో ఒక్కటీ లేదు. ‘కొత్త మందులన్నీ ఆరోగ్యశ్రీలో చేర్చాలి’ అంటే ‘పరిశీలిస్తాం’ అంటారు. ఇక ఆ ఫైలు కదలదు.

ఢిల్లీలో డ్రగ్స్ కంట్రోలర్ చూసేది మందు పనిచేస్తుందా, ప్రమాదం లేదా అన్నంతవరకే. డబ్బు ఎవరు కడతారన్నది ఆయన పని కాదు. ఇక్కడ తెలంగాణలో ఆరోగ్యశ్రీ నడిచేది ప్యాకేజీల మీద, అంటే ఏ చికిత్సకు ఎంత కడతారో ముందే ఖాయం చేసిన జాబితా మీద. ప్యాకేజీలో లేని మందు ఇస్తే ఆసుపత్రికి క్లెయిమ్ రాదు, అందుకే డాక్టర్లు ‘బయట కొనుక్కోండి’ అంటారు. 2023 డిసెంబర్‌లో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషమే. కానీ ప్యాకేజీ లేని మందుకు ఆ పది లక్షల్లో పైసా రాదు. మీరు అడగాల్సింది ఆ ప్యాకేజీ.

అదీ ఒక్క మందుకే. ఏ క్యాన్సర్, ఏ దశ, ఏ పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లకు అన్నది స్పష్టంగా రాయండి. మొహమాటం లేకుండా ఇంకో మాట చెప్తాను. కొత్తదల్లా గొప్పది కాదు. కొన్ని మందులు గడ్డ పెరగడాన్ని నాలుగు నెలలు ఆపుతాయి గానీ ఆయుష్షు పెంచినట్టు రుజువుండదు. అలాంటిదాన్ని ముందు పెడితే రేపు నిజంగా పనికొచ్చే మందుకు మీ మాట చెల్లదు.

ఇక మందుకు ఏడాదికి ఎంత ఖర్చవుతుందో చూపే లెక్కల పేజీ. నా ఉద్యోగమంతా ఆసుపత్రి స్టోర్స్‌లో మందుల కొనుగోలులోనే గడిచింది, ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ‘వయల్ (మందు సీసా) ధర ఇంత, డోసులు ఇన్ని’ అని గుణించి పారేస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ తీసుకో. 50 కిలోల మనిషికి మొదటి డోసు 400 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకోసారి 300. పెద్ద వయల్‌లో 440 మిల్లీగ్రాములు ఉంటాయి. డోసుకో వయల్ లెక్కేస్తే మొదటి డోసు తర్వాత ప్రతిసారీ 140 మిల్లీగ్రాములు పారబోసినట్టే. దాంతోపాటు వచ్చే ప్రత్యేక నీళ్లతో కలిపి ఫ్రిజ్‌లో పెడితే 28 రోజులు నిలవుంటుంది, మిగిలింది తర్వాతి పేషెంటుకు వాడొచ్చు. మీ మందుకు ఈ నిలవ గడువు వేరే ఉంటుంది, లేబుల్ చూసి మిల్లీగ్రాముల్లోనే లెక్క కట్టండి. ఏడాదికి ఎంతమందికి అవసరమో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లను, అలాగే నిమ్స్ డాక్టర్లను అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పాత బిల్లులు జతచేయొద్దు, ధరలు మారుతుంటాయి. 2024 బడ్జెట్‌లో మూడు క్యాన్సర్ మందులకు కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, ఒసిమెర్టినిబ్ వాటిలో ఒకటి. కంపెనీ ధర దిగదని ఎవరైనా అంటే దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ సంగతి చెప్పండి. సభ్య ఆసుపత్రుల తరఫున కలిపి బేరమాడి 40 మందుల ధరలు బాగా దించారు.

ఆలస్యానికి అసలు కారణం మాత్రం, అనుమతి వచ్చాకే అందరూ లెక్కలు మొదలుపెట్టడం. మందు ట్రయల్‌లో ఉండగానే మీ పేజీ సిద్ధం కావాలి. ఇంగ్లండ్‌లో 2016 నుంచి, అక్కడి మందుల పరిశీలన సంస్థ ముసాయిదా సిఫారసు అనుకూలంగా వస్తే చాలు, తుది నిర్ణయం కోసం ఆగకుండా క్యాన్సర్ మందుల నిధి నుంచి డబ్బిస్తున్నారు. రుజువు చాలని మందుకు కొంతకాలం డబ్బిస్తూనే ఫలితాలు సేకరించి, ఆ తర్వాత తేలుస్తారు. మీరూ ఏడాదికే అడగండి, రెండు సర్కారు ఆసుపత్రుల్లోనే, ఫలితాలు రాసిపెట్టే షరతుతో. వెనక్కి తీసుకునే వీలుంటే అధికారికీ టెన్షన్ తక్కువ.

ఇవాళే మందు కావాల్సినవాళ్లను మాత్రం దీనికోసం ఆపొద్దు. వాళ్లను సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీకి (చికిత్సకు ముందే ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం), కంపెనీ సాయం స్కీములకు విడిగా పంపించు.

ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చేటప్పుడు రసీదు నంబర్ మర్చిపోవద్దు. దానికంటే ముందు లెక్కల పేజీ నాకు వాట్సాప్ చెయ్యి, మిగతాది తర్వాత దిద్దుదాం.

మీ పెదనాన్న