గొంతు చించుకుని అరుస్తూ పాడే 'డెత్ మెటల్' అనే రాక్ సంగీతంలో ఒక్క చక్ షుల్డినర్‌నే ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు?

ఈ ప్రశ్న చూడగానే మా నానమ్మ గుర్తొచ్చింది.

ఇంజనీరింగ్ సెలవులు. రాజమండ్రిలో ఎప్పట్లాగే కరెంటు పోయింది. అరుగు మీద కూచుని 'వాయిస్ ఆఫ్ ది సోల్' వాయిస్తున్నా. చక్ నడిపిన 'డెత్' బ్యాండు 1998లో తెచ్చిన ఆఖరి ఆల్బమ్‌లోది. గొంతు లేదు, డ్రమ్స్ లేవు, ఒట్టి గిటార్లే. వాళ్లలాగే తీగలన్నీ శ్రుతి కిందికి దించా. దాంతో ఆరో తీగ వదులై మెట్లకి కొట్టుకుని జుయ్యిమంటోంది. (ఆ ఉక్కకి తీగలు నెల తిరక్కుండా తుప్పు పట్టేవి. కొత్త సెట్టు కావాలంటే హైదరాబాద్ వెళ్లేవాడెవడో ఒకడి కాళ్లు పట్టుకోవాలి.)

నానమ్మ జపమాల తిప్పడం ఆపింది. "బావుందిరా, ఏ సినిమాలోది?"

"సినిమా కాదే, డెత్ అని ఒక బ్యాండు."

"అంటే?"

"చావు."

"దీపాలు పెట్టే వేళ ఆ మాటలేంట్రా అప్రాచ్యుడా!" అని కసిరి, కాసేపాగి, "మళ్లీ వాయించు" అంది.

నా దృష్టిలో చక్ గొప్పతనం అదే. అరిచేవాళ్లు బోలెడుమంది. ఆ అరుపు కింద రాగంలా పట్టుకుని లాగే ట్యూన్ పెట్టింది ఈయనే. డెత్ మెటల్ పుట్టించింది ఆయనేనా అని కొట్టుకుచస్తారు గానీ, ఆ బిరుదు ఆయనకే ఇష్టముండేది కాదు. 'పొసెస్డ్' అనే బ్యాండు ఆల్బమ్ 1985లోనే వచ్చింది. ఈయన 'స్క్రీమ్ బ్లడీ గోర్' 1987లో. అందులో ఒక్క డ్రమ్స్ తప్ప గిటారూ బేసూ గొంతూ అన్నీ తనే.

నన్నడిగితే అసలు మలుపు 1991లో వచ్చిన 'హ్యూమన్'. అంతకుముందు యూరప్ టూర్‌కి ఈయన వెళ్లకపోతే బ్యాండులో మిగతావాళ్లు ఈయన లేకుండానే టూర్‌కి వెళ్లిపోయారు. ఆ మంటతో 'సినిక్' అనే బ్యాండు కుర్రాళ్లని తెచ్చుకుని ఆ ఆల్బమ్ చేశాడు. ఇవాళ టెక్నికల్, ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అంటూ చిక్కుచిక్కుగా వాయించేవాళ్లంతా ఆ ఆల్బమ్‌కి బాకీనే. మా కాలేజీ ఫెస్ట్‌లో మాత్రం "మెటలా, మెంటలా?" అని మైకు కట్ చేశారు. సినిమా పాటలైతేనే స్టేజీ ఎక్కాలట. పదిహేనేళ్లయినా ఆ కడుపుమంట చల్లారలేదు.

1999లో చక్ మెదడులో ట్యూమర్ బయటపడింది. వైద్యం ఖర్చులకి అభిమానులూ తోటి బ్యాండ్లూ చందాలు పోగుచేయాల్సొచ్చింది. 2001 డిసెంబరు 13న పోయాడు. 34 ఏళ్లే. ఇప్పుడు డెత్ లోగో ఉన్న టీషర్టు వేసుకుని తిరిగేవాళ్లని ఒక్క పాట పేరు చెప్పమనండి చూద్దాం.

కొత్తగా వినేవాళ్లు 1995 నాటి 'సింబాలిక్'తో మొదలెట్టండి. పాతవి తర్వాత వినొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే బ్యాండు పేరు మాత్రం పొద్దుగూకాక చెప్పకండి.